ఎడమ కనుబొమ దగ్గర

త్సియాలా ముఖం నల్లరాయి మీద
ఎడమ కనుబొమ సగంలో ఆగిపోయింది.
తల ఒరిగించి తీయించుకున్న ఫోటో కనక
ఆ కనుబొమే ముందొచ్చింది.
వజ్రపు సూది గాల్లో నిలబడి
ఏదో అడగబోయి మానుకున్నట్టుంది.
తెర మీద ఒకటే మాట: చోటు లేదు.

"శ్మశానంలో కూడా ఈ మాట వినలేదు నేను"
అన్నాడు మాల్ఖాజ్, రాతిపొడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.
జెస్తాఫోనీలో వాన. రైలుపట్టాల అవతల రేకుల షెడ్డు.
కట్టెల పొయ్యి పక్కన కంప్యూటర్,
దాని ఫ్యాను కూడా రాతిపొడితో దగ్గుతోంది.

సి డ్రైవ్ ఎర్రగా ఉంది,
పెళ్ళివిందులో కంఠందాకా తిన్నవాడిలా.
పక్కనే డి డ్రైవ్,
రెండేళ్ళుగా తాళం తీయని గది.

"రాత్రి నేనే మార్చి చూశాను" ఒప్పుకున్నాడు చివరికి.
చెక్కే ప్రోగ్రాంని ఫోల్డరుతో సహా పట్టుకుని
బీరువా జరిపినట్టు డి లోకి జరిపాడట.
పొద్దున నొక్కితే ఉలకదు పలకదు.

పైన పట్టుకుని లాగితే కాడ వస్తుంది,
వేరు మట్టిలోనే ఉండిపోతుంది.
దాని వేళ్ళు రిజిస్ట్రీలో ఉన్నాయి, ఫాంట్లలో ఉన్నాయి,
సూదికి కబుర్లు మోసే డ్రైవర్లో ఉన్నాయి.
తెర మీది బొమ్మ పాపం
పాత ఇంటి తలుపే తడుతోంది.

ముందు చెత్త.
టెంపరరీ ఫైళ్ళు: పేరుకే తాత్కాలికం, ఆరేళ్ళుగా కాపురం.
పాత విండోస్, పాము వదిలిన కుబుసం, పద్దెనిమిది జీబీ.
నిద్రపోయే ముందు జ్ఞాపకాలు దాచుకునే ఫైలొకటి.
"దీన్ని నేనెప్పుడు నిద్రపోనిచ్చాను?" అన్నాడు.
తీసేశాను.

తర్వాత ముఖాలు.
నోషెవాన్ చివరిది.
నోషెవాన్ చివరి చివరిది.
నోషెవాన్ ఒట్టు ఇదే చివరిది.
మీసం సన్నం చెయ్యమన్నాడు కొడుకు,
మళ్ళీ లావు చెయ్యమంది కూతురు.
పోయాక కూడా మనిషి ఒక పట్టాన ఖాయం కాడు.

"చెక్కేశారుగా, అన్నీ తీసేద్దామా?"
"రాయి పగులుతుందమ్మాయ్.
పగిలిన రోజే నన్ను వెతుక్కుంటూ వస్తారు."
సరే, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, డి లోకి.
మూడొందల పన్నెండుమంది
వరసలో నెమ్మదిగా గది మారుతుంటే
మేం రొట్టె తిన్నాం.

రీసైకిల్ బిన్‌లో ఒకడున్నాడు.
పొట్టి మెడ. కెమెరా మీద కోపం.
"బోండో!" నవ్వాడు మాల్ఖాజ్.
"గుండె ఆపరేషన్‌కి పోతూ తనే వచ్చి అడ్వాన్సిచ్చాడు.
కుట్లు విప్పిన మర్నాడొచ్చి వెనక్కి అడిగాడు.
అదిగో చూడు."
కిటికీ అవతల, గొడుగు కింద,
అక్రోట్ల తూకం దగ్గర ఎవరితోనో తగువాడుతున్నాడు.

శాశ్వతంగా తొలగించమంటారా, అడిగింది కంప్యూటర్.
నా వేలు ఎందుకో ఆగింది.
"నొక్కు" అన్నాడు. "వాడికిక్కడ చోటెందుకు ఇప్పుడు?"

అప్పుడు ప్రోగ్రాంని వేళ్ళతో సహా పెకలించాను.
లైసెన్సు నంబరు క్యాలెండర్ వెనక, గోడ మీద, సుద్దతో.
పొయ్యి పొగకి ఒక అంకె
సున్నా అయిందో ఎనిమిదిగానే మిగిలిందో తెలియలేదు.
మూడోసారికి ఒప్పుకుంది.
డి లో నాటాను. దారి కొత్తగా రాశాను.

ఎర్రగీత నీలమయింది. నలభైఒక్క జీబీ.
మాల్ఖాజ్ ఆ ఖాళీ వంక
అప్పు తీరినవాడిలా చూశాడు.
"మళ్ళీ నిండుతుందా?"
మీ వ్యాపారం అలాంటిది కదా, అనబోయి
"రెండేళ్ళు పడుతుంది" అన్నాను.

సూది దిగింది.
టిక్కు టిక్కు టిక్కు,
కనుబొమ మిగతా సగం వచ్చింది,
రెండోది వచ్చింది, కనురెప్ప వచ్చింది.
ఆగిన చోట మాత్రం
వెంట్రుకవాసి పక్కకి జరిగింది గీత.
నేను చూశాను. నేను చూడడం అతను చూశాడు.

"చిన్నప్పుడు అక్కడ దెబ్బ తగిలిందిలే ఆవిడకి"
అన్నాడు, రాతిపొడి ఊదుతూ.

ఫోటో డి లోనే ఉంది.
తెరిచి చూడలేదు ఇద్దరం.